యూరప్ సరే.. యూరప్‌లో ఎక్కడ?

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లను ‘తర్వాత ఏంటి?’ అని అడిగి చూడండి. అమెరికాతో పాటు ఇప్పుడు జర్మనీ, ఐర్లాండ్, ఇటలీ, పోలండ్ పేర్లు కూడా గట్టిగానే వినిపిస్తాయి. ఒక్క జర్మనీలోనే 2023-24 శీతాకాల సెమిస్టర్‌లో భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. సరే, ‘జర్మనీలో ఎక్కడికి?’ అని రెండో ప్రశ్న వేయండి. ‘ఎక్కడ సీటొస్తే అక్కడికే’ అంటారు. యూనివర్సిటీ ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు, ఐఈఎల్‌టీఎస్ ఎంత కావాలో చూస్తారు. ఆ యూనివర్సిటీ ఉన్న ప్రాంతం ఎలాంటిదో, అక్కడ ఉద్యోగాలు ఎవరిస్తున్నారో చూసేవాళ్లు తక్కువ.

చూడాలి. లోన్ తీసుకుని వెళ్తున్నప్పుడు మరీ చూడాలి. యూరప్‌లో దేశానికీ దేశానికీ మధ్య ఉన్న తేడాకన్నా, ఒకే దేశంలో ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ మధ్య ఉన్న తేడా కొన్నిచోట్ల ఎక్కువ. దాన్ని తగ్గించాలని యూరోపియన్ యూనియన్ (ఈయూ) 50 ఏళ్లుగా డబ్బు కుమ్మరిస్తోంది. ఆ డబ్బు ఎక్కడ ఉద్యోగాలు పుట్టించింది, ఎక్కడ బోర్డులే మిగిల్చింది అన్నది తెలిస్తే మీ అప్లికేషన్ల జాబితాలో రెండు మూడు పేర్లయినా మారతాయి.

75 శాతం గీత

ఈయూ తన భూభాగాన్నంతా లెక్కల కోసం ప్రాంతాలుగా విడగొట్టుకుంది. ఒక్కో ప్రాంతంలో సుమారు 8 లక్షల నుంచి 30 లక్షల జనాభా. అంటే మన దగ్గర ఒక జిల్లా అంత అనుకోండి. ఇలాంటివి 240కి పైగా ఉన్నాయి. ఒక్కోదాని తలసరి జీడీపీని, ధరల తేడాలు సర్దుబాటు చేశాక, ఈయూ సగటుతో పోలుస్తారు. సగటులో 75 శాతం కన్నా తక్కువుంటే అది ‘తక్కువ అభివృద్ధి చెందిన’ ప్రాంతం. 75 నుంచి 100 మధ్యలో ఉంటే మార్పు దశలో ఉన్నట్టు. వంద దాటితే అభివృద్ధి చెందినట్టు. కింది వర్గంలో ఉంటే ఒక ప్రాజెక్టు ఖర్చులో 85 శాతం దాకా ఈయూ భరిస్తుంది. పై వర్గంలో 40 శాతమే. అందుకే ఆ 75 శాతం గీతకు అంత రాజకీయం.

గీత కింద ఉండటం కోసం హద్దులే మార్చుకున్న దేశాలున్నాయి. హంగరీలో రాజధాని బుడాపెస్ట్, దాని చుట్టూ ఉన్న పెస్ట్ కౌంటీ ఒకే ప్రాంతంగా ఉండేవి. బుడాపెస్ట్ సంపద వల్ల పెస్ట్ కూడా కాగితం మీద ధనిక ప్రాంతమైపోయింది. రెండింటినీ విడదీశారు, పెస్ట్‌కు పెద్ద నిధులకు దారి దొరికింది. పోలండ్ కూడా వార్సా విషయంలో ఇదే చేసింది. తప్పుపట్టక్కర్లేదు లెండి, పెస్ట్ పల్లెల్లో ఉన్నవాళ్లకు బుడాపెస్ట్ జీతాలు రావు కదా.

ఈ మొత్తం వ్యవహారానికి ‘కొహీషన్ పాలసీ’ అని పేరు. 2021-27 బడ్జెట్‌లో దీనికి కేటాయించింది 39,200 కోట్ల యూరోలు. ఈయూ బడ్జెట్‌లో ఇంచుమించు మూడో వంతు. రోడ్లు, రైలు మార్గాలు, యూనివర్సిటీ ల్యాబ్‌లు, నైపుణ్య శిక్షణ కేంద్రాలు, చిన్న కంపెనీలకు గ్రాంట్లు, అన్నీ ఇందులోంచే. ఈయూ డబ్బుతో కట్టిన చోట నీలం మీద 12 నక్షత్రాల గుర్తుతో బోర్డు పెట్టాలన్నది రూలు. అక్కడికి వెళ్లాక మీ ల్యాబ్ గోడ మీద కూడా అది కనిపించొచ్చు.

అసలు ధనిక దేశాలు ఈ ఖర్చుకు ఎందుకు ఒప్పుకున్నాయి? జాలితో కాదు. సరిహద్దులు తీసేసి ఒకే మార్కెట్ చేస్తే బలమైన ప్రాంతాల ఫ్యాక్టరీలు బలహీన ప్రాంతాల్లోని చిన్న పరిశ్రమను తుడిచిపెట్టేస్తాయి. అప్పుడు ఆ ప్రాంతాలు మార్కెట్‌కే ఎదురు తిరుగుతాయి. 1975లో ప్రాంతీయాభివృద్ధి నిధి మొదలైంది. తర్వాత 1981లో గ్రీస్, 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరడంతో పేద ప్రాంతాల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. జాక్ డెలోర్ యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1988లో, నిధులను రెట్టింపు చేసే సంస్కరణ వచ్చింది. 2004 నుంచి తూర్పు దేశాలు చేరాక డబ్బు ప్రవాహం అటు మళ్లింది.

ఫలితం లేదని అనలేం. 2004 తర్వాత చేరిన మధ్య, తూర్పు యూరప్ దేశాల తలసరి జీడీపీ అప్పట్లో ఈయూ సగటులో 52 శాతం, ఇప్పుడు 80 శాతానికి దగ్గర. ఒక తరంలో ఇంత ఎగబాకడం చిన్న విషయం కాదు. చిక్కు ఎక్కడంటే, ఎగబాకిందాంట్లో ఎక్కువ భాగం రాజధానులదే. ప్రాగ్ ఇప్పుడు ఈయూ సగటుకు రెండింతలు. రొమేనియాలో బుఖారెస్ట్ సగటుకు ఒకటిన్నర రెట్లకు పైన ఉంటే, అదే దేశపు ఈశాన్య ప్రాంతం సగం దగ్గరే ఉంది. బల్గేరియా వాయవ్య ప్రాంతమైతే 40 శాతం చుట్టుపక్కలే తిరుగుతోంది. ‘రొమేనియా ఐటీ బాగుందట’ అని ఎవరైనా అంటే, అందులో ఎంత బుఖారెస్ట్, ఎంత క్లుజ్ అని అడగండి.

ఐర్లాండ్ అంకెలతో జాగ్రత్త

మనవాళ్లు చాలామంది డేటా సైన్స్‌కి ఐర్లాండ్ వెళ్తున్నారు కాబట్టి ఈ మాట. 2022 లెక్కల్లో దక్షిణ ఐర్లాండ్ ప్రాంతం ఈయూ పట్టికలో అగ్రస్థానంలో ఉంది, సగటుకు రెండున్నర రెట్లకు పైగా. కార్క్ నగరం ఉన్నది అక్కడే. యాపిల్ యూరప్ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఆ నగరంలోనే.

కార్క్‌లో జనం మిగతా యూరప్‌కన్నా రెండున్నర రెట్లు బాగా బతుకుతున్నారా? లేదు. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్లను, లాభాలను ఐర్లాండ్ ఖాతాల్లో చూపిస్తాయి. అవి జీడీపీలో కలుస్తాయి, వీధిలోకి రావు. 2015లో ఐర్లాండ్ జీడీపీ 26 శాతం పెరిగిందని ప్రకటించినప్పుడు ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ దాన్ని ‘లెప్రకాన్ ఎకనామిక్స్’ అని ఎగతాళి చేశారు. లెప్రకాన్ అంటే ఐర్లాండ్ జానపద కథల్లో బంగారు కుండ దాచుకునే మరుగుజ్జు. చివరికి ఐర్లాండ్ గణాంకాల శాఖే ఈ మాయను తీసేసిన వేరే కొలమానం తయారుచేసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఉద్యోగాలు లేవని కాదు, బాగానే ఉన్నాయి. కానీ అద్దెలు కూడా అలాగే ఉన్నాయి. ప్రాంతాన్ని అంచనా వేయాలంటే జీడీపీ పక్కన పెట్టి, యూరోస్టాట్ సైట్‌లో కుటుంబాల చేతికొచ్చే ఆదాయం అనే పట్టిక చూడండి. ర్యాంకులు ఎంత మారిపోతాయో మీకే తెలుస్తుంది.

డ్రెస్డెన్ ఎలా లేచింది

ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ వాళ్లు ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి.

1990 జులై 1న తూర్పు జర్మనీలో రాత్రికి రాత్రి పశ్చిమ జర్మనీ కరెన్సీ అమల్లోకి వచ్చింది. అక్టోబర్ 3న రెండు దేశాలు ఒకటయ్యాయి. తూర్పులోని ప్రభుత్వ సంస్థలు ఎనిమిది వేలకు పైగా, వాటిలో పనిచేసే 40 లక్షల మంది, అంతా ట్రాయ్‌హాండ్ అనే ఒక్క ఏజెన్సీ చేతికి వెళ్లారు. ఆ సంస్థలను అమ్మడం, మూసేయడం 1994 చివరికల్లా ముగించేశారు. ఇంజినీర్లు టాక్సీలు నడిపారు, యువత పశ్చిమానికి వెళ్లిపోయింది. 1991 నుంచి 2017 వరకు వచ్చినవాళ్లను తీసేసి లెక్కేసినా తూర్పు దాదాపు 12 లక్షల మందిని కోల్పోయింది. కెమ్నిట్జ్ లాంటి నగరాల్లో ఖాళీ అయిన అపార్ట్‌మెంట్లను ప్రభుత్వమే డబ్బిచ్చి కూలగొట్టించింది. ఇళ్లు కట్టడానికి కాదు, కూలగొట్టడానికి పథకం!

ఇలాంటి చోట డ్రెస్డెన్ ఇప్పుడు యూరప్‌లోనే పెద్ద చిప్ కేంద్రం. దాన్ని సిలికాన్ సాక్సనీ అంటారు. ఇది ఎలా సాధ్యమైంది? డబ్బు వచ్చింది, నిజమే. దానికి ముందు అక్కడ మనుషులున్నారు. 1961లోనే వెర్నర్ హార్ట్‌మన్ అనే శాస్త్రవేత్త డ్రెస్డెన్‌లో మైక్రోఎలక్ట్రానిక్స్ పరిశోధన మొదలుపెట్టారు. 1988లో ఆ ఊరే తూర్పు జర్మనీకి ఒక మెగాబిట్ మెమొరీ చిప్ చేసిపెట్టింది. పశ్చిమంతో పోలిస్తే అది ఆలస్యం, ఖరీదు, మార్కెట్లో నిలిచే సరుకు కాదు. అయినా క్లీన్‌రూమ్‌లో పనిచేయడం తెలిసినవాళ్లు వేలల్లో మిగిలారు. సాక్సనీ రాష్ట్ర ప్రధానిగా ఉన్న కుర్ట్ బీడెన్‌కోఫ్ ఉన్న డబ్బును అన్ని ఊళ్లకూ సమానంగా పంచకుండా, కొన్ని చోట్ల గట్టిగా పెట్టారు. దీన్ని వాళ్లు ‘లైట్‌హౌస్’ విధానం అన్నారు. 1990ల మధ్యలో సీమెన్స్ వచ్చింది (ఆ విభాగమే తర్వాత ఇన్ఫీనియన్), వెనకే ఏఎండీ. ఏఎండీ ఫ్యాక్టరీ 2009లో గ్లోబల్‌ఫౌండ్రీస్ అయింది.

అన్నీ సాఫీగా జరగలేదు. అదే 2009లో మెమొరీ చిప్‌ల కంపెనీ కిమోండా దివాలా తీసింది, డ్రెస్డెన్‌లో ఒక్కసారిగా వేల ఉద్యోగాలు పోయాయి. ఊరు మాత్రం కూలిపోలేదు. ఒక కంపెనీ పోతే పక్క కంపెనీ, పక్క కంపెనీ కాకపోతే ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థలు, అవీ కాకపోతే ఆ ఫ్యాక్టరీలకు పరికరాలు, రసాయనాలు ఇచ్చే చిన్న సంస్థలు ఉన్నాయి. 2021లో బాష్ కొత్త ఫ్యాక్టరీ తెరిచింది. 2023లో ఇన్ఫీనియన్ 500 కోట్ల యూరోల ప్లాంట్‌కు పునాది వేసింది. 2024 ఆగస్టులో తైవాన్ దిగ్గజం టీఎస్‌ఎంసీ మొదలుపెట్టిన ఫ్యాక్టరీలో దాని వాటా 70 శాతం, బాష్, ఇన్ఫీనియన్, ఎన్‌ఎక్స్‌పీలకు తలా 10 శాతం. సాక్సనీ విద్యార్థులను శిక్షణ కోసం తైవాన్ పంపే కార్యక్రమం కూడా నడుస్తోంది. దగ్గర్లోని ఫ్రైబెర్గ్‌లో సిలికాన్ వేఫర్లు తయారవుతాయి. వీఎల్‌ఎస్‌ఐ, ప్రాసెస్ ఇంజినీరింగ్, ఆటోమేషన్ ఇష్టపడేవాళ్లకు మ్యూనిక్ సీటు రాలేదని ఏడవాల్సిన పని లేదు.

మాగ్డెబర్గ్‌లో ఆగిన ఫ్యాక్టరీ

సాక్సనీకి పొరుగున ఉన్న రాష్ట్రం సాక్సనీ-అన్‌హాల్ట్. రాజధాని మాగ్డెబర్గ్. ఒకప్పుడు భారీ యంత్రాల తయారీకి పేరున్న ఊరు. 2022 మార్చిలో ఇంటెల్ అక్కడ చిప్ ఫ్యాక్టరీలు పెడతామని ప్రకటించింది. పెట్టుబడి పెరుగుతూ 3,000 కోట్ల యూరోలకు చేరింది. జర్మనీ ప్రభుత్వం దాదాపు వెయ్యి కోట్ల యూరోల సబ్సిడీకి ఒప్పుకుంది. ఊరి పక్కన పొలాలు పారిశ్రామిక స్థలమయ్యాయి. మూడు వేల ఉద్యోగాలన్నారు. యూనివర్సిటీ సెమీకండక్టర్ కోర్సుల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

2024 సెప్టెంబర్‌లో వాయిదా అన్నారు. 2025 జులైలో ఇంటెల్ పూర్తిగా చేతులెత్తేసింది. పోలండ్‌లో వ్రోత్స్వావ్ దగ్గర పెడతామన్న ప్లాంట్ కూడా దాంతోపాటే పోయింది. మాగ్డెబర్గ్ చేసిన తప్పేమీ లేదు, ఇంటెల్ సొంత కష్టాలు అవి. కానీ ఒక ప్రాంతం భవిష్యత్తు అమెరికాలో జరిగే ఒక బోర్డు మీటింగ్ మీద ఆధారపడితే ఏమవుతుందో ఇక్కడ కనిపించింది. 2023లో ‘ఇంటెల్ వస్తోంది కదా’ అని మాగ్డెబర్గ్ ఎంచుకున్న రెండేళ్ల మాస్టర్స్ విద్యార్థి సరిగ్గా 2025లో బయటికొచ్చాడు. ఏ ఇంటెల్ లేదు. అదే ఊళ్లో మెకానికల్, ప్రాసెస్ ఇంజినీరింగ్‌కి ఉన్న పేరు చూసి చేరినవాడికి పెద్దగా పోయిందేమీ లేదు.

ఇంకో సంగతి. చిప్ ఫ్యాక్టరీలకు ఇచ్చే ఈ సబ్సిడీలు కొహీషన్ డబ్బు కాదు, జర్మనీ సొంత ఖజానా నుంచి ఇచ్చేవి. 2021-27 మధ్య బల్గేరియా దేశం మొత్తానికి అందే కొహీషన్ నిధులు 1,100 కోట్ల యూరోలు. అంటే ఏడేళ్లకు ఒక దేశానికి వచ్చేది, జర్మనీ ఒక్క కంపెనీకి ఒక్క ఊళ్లో ఇస్తానన్నదీ దాదాపు సమానం. ఒక చేత్తో అసమానత తగ్గిస్తూ, రెండో చేత్తో జేబు బరువున్న దేశాలను వేలంపాటకు అనుమతిస్తే తేడా ఎలా తగ్గుతుందో నాకైతే అర్థం కాదు.

తూర్పు జర్మనీ గురించి ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి, కన్సల్టెన్సీలు చెప్పనివి. డాక్స్ సూచీలోని 40 పెద్ద కంపెనీల్లో బెర్లిన్‌ను పక్కన పెడితే తూర్పు రాష్ట్రాల్లో ప్రధాన కార్యాలయం ఉన్నది ఒక్కటీ లేదు. ఫ్యాక్టరీ తూర్పున ఉంటుంది, డిజైన్ నిర్ణయాలు, పెద్ద పదవులు పశ్చిమాన ఉంటాయి. మెటల్, ఎలక్ట్రికల్ పరిశ్రమలో ఒకే యూనియన్ ఉన్నా పశ్చిమాన వారానికి 35 గంటల పని, తూర్పున 38 గంటలు అన్న తేడా 1990ల నుంచి దశాబ్దాల పాటు నడిచింది. సగటు జీతాలు ఇప్పటికీ తూర్పున తక్కువే. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ ఐదు తూర్పు రాష్ట్రాల్లోనూ మొదటి స్థానంలో నిలిచింది. అందరూ అలాంటివాళ్లే అని కాదు, యూనివర్సిటీ ఊళ్లలో వాతావరణం వేరుగా ఉంటుంది. అయినా వెళ్లేముందు తెలిసి ఉండటం మంచిది. జర్మన్ భాష బీ1 దాకా రాకుండా వెళ్తే పశ్చిమంలోకన్నా ఇక్కడ కష్టం ఎక్కువ.

లాభం కూడా ఉంది. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాల్సింది ప్రస్తుతం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. దేశమంతా ఒకటే లెక్క. మ్యూనిక్‌లో ఆ డబ్బులో పెద్ద ముక్క గది అద్దెకే పోతుంది. కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్, ఇల్మెనావ్‌లలో దాంతో నెల గడుస్తుంది. జనం వెళ్లిపోయిన ఊళ్లలో ఇళ్లు మిగలడమే దీనికి కారణం. నిన్నటి వాళ్ల నష్టం ఇవాళ మీకు చవక అద్దె.

ఇటలీ స్కాలర్‌షిప్ ఎవరిస్తారు?

‘ఇటలీలో ఫీజు లేదు, పైగా స్కాలర్‌షిప్’ అనే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. డీఎస్‌యూ అనే ఆ స్కాలర్‌షిప్ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇస్తారు, నిజమే. కానీ ఇచ్చేది ఇటలీ కేంద్ర ప్రభుత్వం నేరుగా కాదు, ప్రాంతీయ సంస్థలు. ఆ ప్రాంతం దగ్గర డబ్బు చాలకపోతే? ‘అర్హులే, కానీ నిధులు లేవు’ అనే జాబితా ఒకటి ఉంటుంది. ఇటాలియన్‌లో దానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉందంటే ఎంత మామూలైపోయిందో చూడండి. గతంలో ఈ జాబితాలు ఎక్కువగా దక్షిణ ప్రాంతాల్లోనే పొడవుగా ఉండేవి. కాబట్టి మీరు చేరబోయే ప్రాంతంలో గత రెండేళ్లలో అర్హుల్లో ఎందరికి నిజంగా డబ్బు పడిందో అక్కడి సీనియర్లను అడక్కుండా టికెట్ కొనకండి.

దక్షిణం ఎందుకు ఇలా ఉంది? ఇటలీ ఈయూ కన్నా ముందే మొదలుపెట్టింది. 1950లో దక్షిణం కోసం ప్రత్యేక నిధి పెట్టి 1984 దాకా నడిపింది. రోడ్లు, నీళ్లు, కరెంటు వచ్చాయి. తర్వాత భారీ ఫ్యాక్టరీలు తెచ్చిపెట్టారు. టరాంటోలో 1960ల్లో కట్టిన ఉక్కు కర్మాగారం యూరప్‌లోనే అతి పెద్దది. చుట్టూ దానికి అనుబంధంగా చిన్న పరిశ్రమ అనుకున్నంతగా మొలకెత్తలేదు. ఇటాలియన్లు ఇలాంటి ఫ్యాక్టరీలను ‘ఎడారిలో కెథడ్రల్స్’ అని పిలిచారు. కాలుష్యం వల్ల జనం జబ్బు పడుతున్నారంటూ 2012లో కోర్టు ఆ ప్లాంట్‌లోని ప్రధాన విభాగాలను స్వాధీనం చేసుకోమంది. ఊరి ముందున్నవి రెండే దారులు: ఆరోగ్యమా, ఉద్యోగమా. ఇప్పటికీ ఉత్తరాన బోల్జానో తలసరి జీడీపీ దక్షిణాన కలాబ్రియాకు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది.

దక్షిణమంతా ఒకేలా ఉందనుకోవద్దు. సిసిలీలో కటానియాలో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ సిలికాన్ కార్బైడ్ చిప్‌ల కోసం 500 కోట్ల యూరోల కేంద్రం కడుతోంది. విద్యుత్ వాహనాల్లో వాడేవి అవే. నేపుల్స్ శివార్లలో పాత టమాటా క్యానింగ్ ఫ్యాక్టరీ స్థలంలో యూనివర్సిటీ క్యాంపస్ వచ్చింది, యాపిల్ డెవలపర్ అకాడమీ 2016 నుంచి అక్కడే నడుస్తోంది.

పోలండ్ ఆగ్నేయ మూల జెషూఫ్ కూడా ఇలాంటిదే. పేద ప్రాంతమే, కానీ 1937లోనే అక్కడ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ పెట్టారు. 2002లో ప్రాట్ అండ్ విట్నీ మాతృసంస్థ దాన్ని కొంది. మరుసటి ఏడాది చుట్టుపక్కల కంపెనీలన్నీ కలిసి ‘ఏవియేషన్ వ్యాలీ’గా ఏర్పడ్డాయి. దగ్గర్లోని మియెలెట్స్‌లో బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు తయారవుతాయి. ఏరోనాటికల్ చదివి జర్మనీ తప్ప ఇంకేమీ ఆలోచించనివాళ్లు ఈ పేరు ఒక్కసారి వెతకండి.

చదువుకుని వెళ్లిపోయేవాళ్లు

2023 జనవరిలో యూరోపియన్ కమిషన్ ఒక లెక్క బయటపెట్టింది. 46 ప్రాంతాలు ‘టాలెంట్ ట్రాప్’లో ఉన్నాయి, ఇంకో 36 దానివైపు వెళ్తున్నాయి అని. పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు, డిగ్రీ చేసేవాళ్లు తక్కువ, చేసినవాళ్లు ఉండటం లేదు. రెండూ కలిపితే ఈయూ జనాభాలో 30 శాతానికి దగ్గర. ఈయూ డబ్బుతో మంచి కాలేజీ కట్టారు, అందులో చదివిన అమ్మాయి బెర్లిన్ వెళ్లిపోయింది. లాభం ఎవరికి? ఇటలీ మాజీ ప్రధాని ఎన్రికో లెట్టా 2024 నివేదికలో ‘ఉండిపోయే స్వేచ్ఛ’ అనే మాట వాడింది ఇందుకే. ఎక్కడికైనా వెళ్లే హక్కుతో పాటు, వెళ్లకుండా సొంతూళ్లో బతికే వీలు కూడా ఉండాలని.

శ్రీకాకుళంలోనో, పాలమూరులోనో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇందులో మీ పాత్ర కూడా ఉంది. జర్మనీలో చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు, దేశంలో ఎక్కడైనా వెతుక్కోవచ్చు. తూర్పున చవకగా చదివి పశ్చిమాన ఉద్యోగం చేద్దామన్న ప్లాన్ చాలామందిది. మీ వైపు నుంచి చూస్తే అందులో తప్పులేదు. ఆ ఊరి వైపు నుంచి చూస్తే మీరు వాళ్ల లెక్కలో ఇంకో ‘వెళ్లిపోయినవాడు’. అందుకే తూర్పు రాష్ట్రాలు విదేశీ విద్యార్థులను స్థానిక కంపెనీలతో కలపాలని చూస్తున్నాయి. వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగాలు, థీసిస్ కంపెనీలోనే చేయడం లాంటివి అడిగితే దొరుకుతాయి. మ్యూనిక్‌లో ఒక్కో సీటుకు వందమంది పోటీ పడే పని ఇక్కడ భాష వచ్చినవాళ్లకు త్వరగా రావచ్చు.

అప్లై చేసే ముందు ఒక సాయంత్రం

మీ జాబితాలో ఉన్న ఒక్కో ఊరికి ఈ పని చేయండి. ఈయూ నుంచి పరిశోధన నిధులు కావాలంటే 2014 నుంచి ప్రతి ప్రాంతమూ తాను ఏ రంగాల మీద దృష్టి పెడుతుందో రాసి ఇవ్వాలి. దీన్ని స్మార్ట్ స్పెషలైజేషన్ వ్యూహం అంటారు. ప్రాంతం పేరుతో కలిపి వెతికితే దొరుకుతుంది. మీ బ్రాంచి ఆ పత్రంలో ఉందా లేదా చూడండి. మీరు రోబోటిక్స్ చదవాలనుకుంటూ, ఆ ప్రాంతం ఆహారశుద్ధి, పర్యాటకం రాసుకుని ఉంటే, చదువు అక్కడైనా ఉద్యోగం ఇంకో చోటే. ఇందులో కొన్ని పత్రాలు డబ్బు కోసం రాసినవే అని చదువుతుంటే తెలిసిపోతుంది, అన్ని రంగాల పేర్లూ ఉంటాయి. అలాంటివి నమ్మకండి.

తర్వాత కొహీసియో అనే ఈయూ సైట్ తెరవండి. ఏ ఊళ్లో ఏ కంపెనీకి, ఏ ల్యాబ్‌కి ఎంత డబ్బు వచ్చిందో మ్యాప్ మీద చూపిస్తుంది. లక్షల ప్రాజెక్టులు ఉన్నాయి. జాబ్ పోర్టల్‌లో ఎప్పుడూ కనిపించని చిన్న కంపెనీల పేర్లు ఇక్కడ దొరుకుతాయి. ఇంటర్న్‌షిప్ మెయిల్స్ పెట్టడానికి లింక్డిన్‌కన్నా ఇది నయం, ఎందుకంటే వాళ్లు ఏ పని మీద ఉన్నారో మీకు ముందే తెలుసు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఊళ్లో ఒక్క పెద్ద కంపెనీ వెళ్లిపోతే ఇంకా ఎవరు మిగులుతారు? ఐదు పేర్లు రాయగలిగితే ముందుకెళ్లండి. ఒకటే రాయగలిగితే మాగ్డెబర్గ్ గుర్తుతెచ్చుకోండి.

చివరగా ఒక తేదీ. ఇప్పుడు నడుస్తున్న కొహీషన్ బడ్జెట్ 2027తో ముగుస్తుంది. 2028-34 కోసం కమిషన్ 2025 జులైలో కొత్త ప్రతిపాదన పెట్టింది. ప్రాంతాల నిధులను, వ్యవసాయ నిధులను కలిపి దేశానికో ప్రణాళికగా ఇవ్వాలని. డబ్బు రాజధానుల గుండా వెళ్తే మళ్లీ రాజధానులే తింటాయని ప్రాంతీయ నాయకులు అభ్యంతరం చెబుతున్నారు. 2026లో రెండేళ్ల మాస్టర్స్‌లో చేరేవాళ్లు డిగ్రీ పట్టుకుని ఉద్యోగం వెతికేది 2028లోనే.